విష్ణుచిత్తుడి వంటింట్లో కొబ్బరి చిప్పలు

ఇంటికి పదిమందిని భోజనానికి పిలిస్తే బల్లమీద పరిచే గుడ్డ ఏ రంగులో ఉండాలి, మధ్యలో పెట్టే పూలగిన్నె ఎంత ఎత్తుండాలి, చేతులు తుడుచుకునే గుడ్డను గ్లాసులో హంసలా ఎలా మడిచి నిలబెట్టాలి, కొవ్వొత్తులు ఎన్ని వెలిగించాలి - ఇవన్నీ బొమ్మలతో సహా చెప్పే శీర్షికలు మా ఇంటికి వచ్చే తమిళ పత్రికలోనూ ఉన్నాయి, ఇంగ్లీషు పత్రికలోనూ ఉన్నాయి. తెలుగు పత్రికలు తెప్పించుకునే చుట్టాల ఇళ్ళలో చూశాను, వాటిలోనూ ఉన్నాయి. నాకు వాటిమీద కోపం లేదు. బల్ల శుభ్రంగా ఉంటే ఎవరికి చేదు? కానీ ఆ వ్యాసాల్లో నాకు ఎప్పుడూ ఒక లోటు కనిపిస్తుంది. పిలిచినవాడి ఇల్లు ఎలా కనిపించాలో అందులో ఉంటుంది గానీ, వచ్చినవాడికి ఆ పూట ఏం కావాలో ఉండదు. ఎండలో వచ్చాడా, వానలో తడిసి వచ్చాడా, ఏ వేళకు వచ్చాడు, వండే మనిషి ఏ అవస్థలో ఉంది - ఈ ప్రశ్నలు వాళ్ళు వేసుకోరు.

ఈ ప్రశ్నలన్నీ వేసుకుని జవాబు రాసిన తెలుగు కవి ఒకరున్నారు. ఆయన వృత్తి చక్రవర్తిత్వం. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా విజయనగరం ఏలాడు. ఆ ఏలుబడిలోనే ఆముక్తమాల్యద రాశాడు. అందులో ప్రథమాశ్వాసంలో, శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడనే భక్తుడు ఇంటికి వచ్చిన వైష్ణవులకు అన్నం పెట్టే తీరు చెప్పే పద్యాలు వరసగా నాలుగున్నాయి. అతిథికి భోజనం పెట్టడం గురించి తెలుగులో ఇంతకంటె మంచి రచన నేను చదవలేదు. ఎందుకు మంచిదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ప్రబంధాలు క్లాసులో చదువుకోలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు - మనలో చాలామంది బతుకు ఇదే గదా. వేదం వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్యానం పక్కన పెట్టుకుని, రోజుకు రెండు పద్యాల చొప్పున, చిట్టా రాసుకున్నట్టు రాసుకుంటూ చదివాను. దానికి కారణం కూడా సాహిత్యం కాదు, బదిలీ. ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు రాజపాళయం పక్క ఉండవలసి వచ్చింది. అక్కడి రాజుల ఇళ్ళలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. శ్రీవిల్లిపుత్తూరు అక్కడికి కూతవేటు దూరం. తమిళనాడు ప్రభుత్వముద్ర మీద గోపురం శ్రీవిల్లిపుత్తూరుదే అని చెబుతారు. ఆ ఊరి పాలకోవా పేరు దేశమంతా తెలుసు. ఆ ఊరిమీద తెలుగులో ఒక మహాకావ్యం ఉందని మాత్రం ఆ కోవా కొనే తెలుగువాళ్ళలో ఎందరికి తెలుసో!

ఇక పద్యాలు. నాలుగింటిలో మొదటిది కంటికి ఏమీ చూపదు. చెవికి వినిపిస్తుంది. నడిరేయి ఆ ఇంటి దగ్గర నిలబడి చెవి ఒగ్గితే మూడు రకాల చప్పుళ్ళు వినిపిస్తాయట. శేషశయనుడి కథలు చెప్పుకోవడం ఒకటి. దివ్యప్రబంధ పారాయణం రెండోది. మూడోది గృహస్థు మాట: కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నం కూడా అంత బాగా కుదరలేదు, దయచేసి భోంచెయ్యాలి - అని.

ఈ మూడో చప్పుడు దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. రాయలు ఆ మాటను తెలుగులో అనిపించలేదు. తెలుగు పద్యం మధ్యలో నిక్షేపంలాంటి సంస్కృతంలో అనిపించాడు. ఎందుకు? గాంభీర్యం కోసమని ఒకరంటారు, ఛందస్సుకు కుదిరిందని ఒకరంటారు. నా ఊహ వేరు. ఆ ఇంటికి వచ్చే వైష్ణవులు ఒక దేశంవాళ్ళు కారు. ద్రావిడం నుంచీ, కర్ణాటకం నుంచీ, తెలుగునాడు నుంచీ దివ్యదేశాలు చూసుకుంటూ వచ్చేవాళ్ళు. వచ్చినవాడి భాష ఏదో తెలియనప్పుడు, ఇద్దరికీ తెలిసిన భాషలో క్షమాపణ చెప్పడం మర్యాద. ఆ పద్యంలో మూడు భాషలున్నాయని గమనించండి: వినిపిస్తున్న ప్రబంధం తమిళం, గృహస్థు విన్నపం సంస్కృతం, పద్యం తెలుగు. ఒక్క ఇల్లు, ఒక్క అర్ధరాత్రి. మధురలోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఉండే మనకు ఇది వింతగా తోచదు. హైదరాబాదులో కూర్చుని వ్యాఖ్యానం రాసేవారికి ఇది అలంకారంలా కనిపించవచ్చు. మనకు ఇది మన వసారా.

ఇంకో చిక్కు ఉంది. ఈ పద్యంలో లేవు లేవు అన్నవన్నీ తరవాతి మూడు పద్యాల్లో ఉన్నాయి. నాలుగైదు కూరలున్నాయి. చెయ్యి సుర్రుమనే నెయ్యి ఉంది. పాయసం ఉంది. మరి విష్ణుచిత్తుడు అబద్ధమాడాడా? ఇది ఉత్త వినయం అని సరిపెట్టుకోవచ్చు. మన పెద్దవాళ్ళు పదహారు రకాలు వడ్డించి "ఏదో పప్పన్నం" అనేవాళ్ళు గదా, అలాగ. కానీ పద్యంలో "నడిరేయి" అని ఉంది. అర్ధరాత్రి వచ్చినవాడికి పగలు వచ్చినవాడికి ఉన్నన్ని కూరలు ఉండవు. ఉన్నవి చల్లారిపోయి ఉంటాయి. అడుగున మిగిలిన అన్నం పొందిగ్గా ఉండదు. అంటే ఆ మాట వినయమూ కావచ్చు, ఉన్న నిజమూ కావచ్చు. నాకు రెండోదే నచ్చుతుంది. లోటును లోటని పైకి చెప్పి, అప్పుడు వడ్డించడంలో ఉన్న అందం, లోటును పూలగిన్నె చాటున దాచడంలో లేదు.

ఇక రెండో పద్యం, వానాకాలం. ఆకాశం నీటిబుగ్గ అయిపోయి జడివాన పట్టిన రోజులు. కట్టెలు తడిసిపోతాయి. తడికట్టె రాజేస్తే పొగ. కాబట్టి భార్య కళ్ళలో పొగ చొరకుండా కొబ్బరి చిప్పలు అంటించి వండిస్తాడు. సన్నబియ్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగిచిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, పుష్కలంగా నెయ్యి.

చక్రవర్తి రాసిన పద్యంలో ముందు వచ్చినది వంటకం కాదు, వంటచెరకు. అదీ ఎవరికోసం? అతిథి కోసం కాదు, వండే ఆవిడ కళ్ళకోసం. ఈ నాలుగు పద్యాల్లోనూ భోజనం సందర్భంలో కన్ను అనేది ఒక్కచోటే వస్తుంది. అది భోక్త కన్ను కాదు. భోక్తకు నాలుకా, ముక్కూ, చెయ్యీ, చెవీ ఉన్నాయి గానీ, బల్ల చూసి మెచ్చుకునే కన్ను లేదు. గరిటె ప్రస్తావన ఉంది, పళ్ళెం ప్రస్తావన లేదు. కూర్చునే చోటు ఎలా ఉందో లేదు. దీపం లేదు, తోరణం లేదు.

రాయలకు ఇవి తెలియక రాయలేదా? ఆయన ఇంట్లో ఎలా తినేవారో కొంత తెలుసు. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు, రాయల తరవాత గద్దె ఎక్కిన అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉండి, చూసినవీ విన్నవీ రాసి పెట్టాడు. ఆ రాతను రాబర్ట్ స్యూయెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చువేశాడు. రాజు భోజనానికి కూర్చుంటే ముందర గుండ్రటి మూడుకాళ్ళ బంగారు పీట పెడతారట. దాని మీద వంటకాలు పెద్ద బంగారు పాత్రల్లోనూ, చిన్నవాటిల్లోనూ వస్తాయి. కొన్నిటికి రత్నాలు పొదిగి ఉంటాయి. పీట మీద గుడ్డ పరచరు. భోజనమయ్యాక మాత్రం ఒక గుడ్డ తెస్తారు, రాజు చేతులూ నోరూ కడుక్కుంటాడు. (మన పత్రికల శీర్షికలవాళ్ళు ఈ గుడ్డ సంగతి చూస్తే ఏమంటారో!) ఈనాటికీ హంపీలో కాలవ ఒడ్డున రాతిలో తొలిచిన పళ్ళాలు వరసగా కనిపిస్తాయి, కూరలకు విడివిడిగా గుంటలతో సహా. అంటే బంగారు పీట నుంచి రాతి పళ్ళెం దాకా భోజనవైభవం అంతా ఆ నగరంలో ఉంది. అది చుట్టూ ఉన్న మనిషి, వైభవం వర్ణించడం చేతకాని కవీ కాదు, అతిథి భోజనం రాయవలసి వచ్చినప్పుడు బంగారం జోలికి పోకుండా కొబ్బరి చిప్ప దగ్గరికి వెళ్ళాడు. ఆ ఊరికి తగిన చెరకునే ఏరుకున్నాడు కూడా. రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు చుట్టుపక్కల కొబ్బరితోటలు చూసినవాళ్ళకు ఆ చిప్పలు ఎక్కడివని అడగనక్కరలేదు.

ఆముక్తమాల్యద నారికేళపాకమని, పెంకు పగలగొడితే గానీ లోపలి రుచి అందదని తెలుగు పండితులు ఎప్పటినుంచో చెబుతున్నారు. నిజమే, కష్టమైన కావ్యం. కానీ పెంకు కూడా వంటకు పనికివస్తుందని రాయలే రాశాడు గనక, పాఠకులు ఆ మాట విని వెనకాడనక్కరలేదు.

వానాకాలపు పొగ రాయల దృష్టిలో ఒక్కసారి పడి పోయినది కాదు. నాలుగో ఆశ్వాసంలో వర్షర్తువు వర్ణించేటప్పుడు మళ్ళీ అదే వంటిల్లు వస్తుంది. ఈసారి ఊరి అందరి వంటిళ్ళూ. ఇల్లిల్లూ తిరిగితే గానీ కాస్త నిప్పు దొరకదు. దొరికినా ఇంటినిండా పొగే గానీ మంట లేవదు. వంట ఒక పట్టాన తెమలదు. అగ్గిపెట్టె లేని కాలపు ఆడవాళ్ళ అవస్థ అది. ఈ పద్యం చదివి వెనక్కి వెళ్ళి మొదటి ఆశ్వాసంలో కొబ్బరి చిప్పల పద్యం చదివితే, విష్ణుచిత్తుడు చేసినది ఎంత పెద్ద ఉపకారమో తెలుస్తుంది. ఊరంతా పొగలో ఉన్నప్పుడు ఒక్క ఇంట్లో పొగ లేదు.

దీనిని అల్లసాని పెద్దన మనుచరిత్రతో పక్కపక్కన పెట్టి చూడాలి. ఇద్దరూ ఒకే కొలువువాళ్ళు. పెద్దన ప్రవరుడూ అతిథులంటే ప్రాణం పెట్టేవాడే. తీర్థయాత్రికులు వచ్చారని వింటే ఎంత దూరమైనా ఎదురు వెళ్ళి ఇంటికి తీసుకువస్తాడు. వెయ్యిమంది వచ్చినా అతని ఇల్లాలు వండడానికి అలసిపోదు. అర్ధరాత్రి వచ్చినా కావలసినదంతా పెడుతుంది. సాక్షాత్తూ అన్నపూర్ణ. పద్యం పరమ సుందరంగా నడుస్తుంది, నోటికి వచ్చేస్తుంది. కానీ నాలాంటి లెక్కలవాడికి అక్కడొక సందేహం. వెయ్యిమందికి అర్ధరాత్రి వంట అంటే ఎన్ని పొయ్యిలు? ఎవరు రాజేశారు? పెద్దన వాటి జోలికి పోడు. అలసిపోదు అన్నాడు, అక్కడితో ఖాతా మూసేశాడు. రాయలు మాత్రం అలసిపోతుందనే అనుకున్నాడు. కళ్ళు మండుతాయనే అనుకున్నాడు. అనుకున్నాడు గనకే చిప్పలు తెప్పించాడు.

ఆముక్తమాల్యద రాయలు రాసినది కాదు, పెద్దనే రాసి రాజు పేరు పెట్టాడు అని ఒక పాత వాదం ఉంది. దాన్ని పండితులు శైలితోనూ వ్యాకరణంతోనూ ఎప్పుడో తోసిపుచ్చారు. వాళ్ళ రుజువులకు తోడు నాదీ ఒకటి చేర్చనిస్తారా? బ్యాంకులో మాకు రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి పోల్చడం నిత్యకృత్యం. అక్షరాల వంపు ఎవరైనా అనుకరించగలరు; కలం ఎక్కడ నొక్కి పెడతారో అది అనుకరించలేరు. ఒకే విషయం - అర్ధరాత్రి, అతిథి, ఇల్లాలు, వంట - ఇద్దరికీ వచ్చింది. ఒకాయన కలం అన్నపూర్ణ దగ్గర నొక్కింది, ఇంకొకాయన కలం పొగ దగ్గర నొక్కింది. ఈ రెండు చెక్కులూ ఒకరు రాసినవని చెబితే నేను డబ్బు ఇవ్వను.

మూడో పద్యం ఎండాకాలం. ఇందులో క్రియ తక్కువ, జాబితా ఎక్కువ. గోరువెచ్చని అన్నం, తియ్యటి చారు, పలుచటి అంబలి, చెరకుపాలు, ఎడనీళ్ళు, రసావళ్ళు, పళ్ళు, సువాసన వేసిన చల్లటి నీళ్ళు, ఊరవేసిన మామిడిపిందెలు, మజ్జిగ, ఊరగాయలు. చాలామటుకు తాగేవే. నమిలేవి తక్కువ. దాహంతో వచ్చినవాడికి ముద్ద దిగదని తెలిసినవాడు చేసిన ఏర్పాటు. ఎడనీరు అంటే మనవాళ్ళకు వివరించనక్కరలేదు. తమిళంలో ఇళనీర్, కన్నడంలో ఎళనీరు. ఆంధ్రదేశంలోవాళ్ళు ఇప్పుడు కొబ్బరినీళ్ళు అంటారు. నిఘంటువు చూసి వాళ్ళు అర్థం చెప్పుకునే మాట మన వీధిలో బండిమీద అమ్ముతారు.

నాలుగోది చలికాలం. నాకు అన్నిటికంటె ఇష్టమైన పద్యం. పునుగువాసన వచ్చే కొత్తబియ్యపు అన్నం. మిరియప్పొడి తగిలించి, వేడి ఆరకుండానే తెచ్చి వడ్డించిన కూరలు. ఆవపిండి పెట్టిన పచ్చళ్ళు - అవి ముక్కుకు మందులా పనిచేస్తాయట. పాయసం, ఊరగాయలు, చెయ్యి సుర్రుమనేంత కాగిన నెయ్యి, ధారాళంగా పాలు. పడిశంతో ముక్కు మూసుకుపోయిన యాత్రికుణ్ణి తలచుకుని ఆవపెట్టిన పచ్చడి వేశాడు రాయలు. ఇంత సన్నిహితంగా అతిథిని చూసిన కవి అరుదు. కారానికి మిరియమే ఉంది, మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడల్లో వచ్చినది. బంగాళాదుంపా లేదు, టమాటా లేదు. ఈ మూడూ తీసేస్తే ఇవాళ మనం ఏ విందు చెయ్యగలం? ఇది పక్కమాట.

మొదటి ఆశ్వాసంలోని ఈ భోజనాలకూ రెండో ఆశ్వాసంలోని కథకూ ఉన్న ముడి మీద విమర్శకులు ఎంత దృష్టి పెట్టారో గానీ, నాకు అది చాలా ముఖ్యమనిపిస్తుంది. మధురలో ఎండాకాలం. పాండ్యరాజు రాత్రివేళ భోగం మీద మనసుపెట్టి వెళుతున్నాడు. ఒక ఇంట అతిథిగా భోజనం చేసిన పరదేశి బ్రాహ్మడు అరుగుమీద పడుకుని, ఏవో శ్లోకాలూ పద్యాలూ చదువుకుంటూ, వాటిలో ఒకటి ఇలా చదువుతాడు: వానాకాలానికి కావలసినది మిగిలిన ఎనిమిది నెలల్లో, రాత్రికి కావలసినది పగటిపూట, ముసలితనానికి కావలసినది వయసులో, పరానికి కావలసినది ఇహంలో సంపాదించుకోవాలి. రాజు అది విని ఆగిపోతాడు. అక్కణ్ణుంచే మతచర్చ, విష్ణుచిత్తుడి మధుర ప్రయాణం, కథ అంతా.

నేను ముప్ఫై ఏళ్ళుగా జనానికి ఫిక్సెడ్ డిపాజిట్ గురించి చెబుతున్నవాణ్ణి గనక ఆ శ్లోకం నాకు ముద్దొస్తుంది. అది వేరే సంగతి. అసలు విషయం ఏమిటంటే, ఈ నీతి రాజు చెవిలో పడకముందే విష్ణుచిత్తుడి ఇంట్లో అమలు జరుగుతోంది. వానలో వడ్డించిన వడియాలు వానలో పెట్టినవి కావు. ఎండల్లో పెట్టి ఎండబెట్టినవి. వరుగులు - కూరగాయలు చక్రాలుగా తరిగి ఎండలో ఎండబెడితేనే వరుగులు. కొబ్బరి చిప్పలు కూడా ఎండరోజుల్లో ఏరి, తడి తగలని చోట దాచి ఉంచితేనే జడివానలో అంటుకుంటాయి. ఆ వానాకాలపు విస్తరిలో సగం ఎండాకాలపు కష్టమే. మూడో పద్యంలో చారూ ఎడనీళ్ళూ వడ్డిస్తున్నప్పుడే పెరట్లో రెండో పద్యానికి కావలసినవి ఎండుతున్నాయన్న మాట. పరలోకం గురించి పాండ్యుడు రెండో ఆశ్వాసంలో నేర్చుకున్న పాఠం, వంటింటి స్థాయిలో మొదటి ఆశ్వాసంలోనే ఉంది. రాయలు ఆ సంగతి ఎక్కడా విప్పి చెప్పలేదు.

అతిథిసత్కారాన్ని ఇంకోరకంగా రాసినవాళ్ళూ ఉన్నారు. శ్రీహర్షుడి నైషధంలో నలదమయంతుల పెళ్ళివిందు ఉంది. దాన్ని శ్రీనాథుడు శృంగారనైషధంగా తెలుగు చేశాడు. మూలంలో వంటవాళ్ళ నేర్పు ఎలాంటిదంటే, ఏది మాంసమో ఏది శాకమో పెళ్ళివారు పోల్చుకోలేకపోతారు. వడ్డించే వనితలకూ తినే మగపెళ్ళివారికీ సరసాలు. అది గొప్ప విందు, కాదనను. కానీ అది చూపించుకోవడానికి చేసిన విందు. తినేవాణ్ణి బోల్తా కొట్టించడమే అక్కడి కళ. ఈ కాలపు పెద్ద హోటళ్ళలో కర్బూజా పండును నెమలిలా చెక్కి నిలబెట్టడం దాని వారసత్వమే. పెళ్ళికి అది తగును. పెళ్ళి ఒక్కరోజు. విష్ణుచిత్తుడి ఇల్లు అలా కాదు. ఇవాళ, రేపు, ఎల్లుండి, అర్ధరాత్రి, తెల్లవారుజామున. రోజూ చెయ్యవలసిన పనికి నెమళ్ళు పనికిరావు.

భోజనం బల్ల మనకు కొత్తగా వచ్చినప్పుడు పడ్డ తికమకను మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టరు పార్వతీశంలో నవ్వించి రాశాడు. ఓడమీద కత్తులూ ముళ్ళగరిటెలూ చూసి పార్వతీశం పడ్డ అవస్థ తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. అది చదివి మనం పార్వతీశాన్ని చూసి నవ్వుతాం. నాకు మాత్రం ఆ బల్ల మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. ఆకలితో వచ్చినవాణ్ణి భయపెట్టే ఏర్పాటు ఎంత అందమైనదైనా, అతిథి వైపు నుంచి చూస్తే లోపమే. విష్ణుచిత్తుడి పంక్తిలో కూర్చున్నవాడికి ఏ పరీక్షా లేదు. దయచేసి తినమని బతిమాలుతున్నది గృహస్థు.

ఆమధ్య ఒక తోటి ఉద్యోగి గృహప్రవేశానికి రాత్రి భోజనానికి పిలిచాడు. పేరు, ఊరు ఎందుకు. బల్లమీద గాజుగిన్నెల్లో గులాబి రేకులు తేలుతున్నాయి. ఎవరికి కావలసినది వాళ్ళు వడ్డించుకునే పద్ధతి. వంటకాల పేర్లు చిన్న అట్టముక్కలమీద రాసి పెట్టారు. అన్నీ రుచిగానే ఉన్నాయి. నేను గమనించినది ఒక్కటే - మూడుగంటల సేపట్లో ఎవరూ ఎవరినీ "ఇంకొంచెం వెయ్యనా" అని అడగలేదు. అడగవలసిన అవసరం లేకుండా ఏర్పాటు చేశారు గదా! మారు అడగడం, వద్దని చెయ్యి అడ్డం పెట్టడం, అయినా వెయ్యడం, వేశాక తిట్టుకుంటూ తినడం - మా తరంలో ప్రవాసాంధ్ర పిల్లలు తెలుగు నేర్చుకున్నది చాలామటుకు ఈ విస్తరి ముందరే. బళ్ళో తెలుగు లేదు, వీధిలో లేదు. చాలు, కాస్త, అడుగున ఉన్నది, పైతేట, మీగడ, మాడు, ఈ మాటలు నాకు వచ్చినది మా మేనత్త వడ్డనలో. అట్టముక్కలమీద ఇంగ్లీషులో రాసి పెడితే ఈ మాటలన్నీ పలికే పని తప్పిపోతుంది. ఇది నా కడుపునొప్పి. గులాబి రేకుల తప్పు కాదని ఒప్పుకుంటాను.

మళ్ళీ పద్యాల దగ్గరికి. రాయలమీద నాకున్న మెప్పు ఇంత చెప్పాక, ఒక అసంతృప్తి కూడా చెప్పాలి. వడ్డించేది విష్ణుచిత్తుడు. క్షమాపణ చెప్పేది విష్ణుచిత్తుడు. అర్ధరాత్రి వినిపించే మూడు చప్పుళ్ళలో ఆవిడ గొంతు లేదు. కూర కుదరలేదని చెప్పవలసినది వండిన మనిషి గదా, ఆవిడ బదులు ఆయనే చెప్పేశాడు. కళ్ళలో పొగ పడకూడదని అంత జాగ్రత్తగా రాసిన కవి, ఆ కళ్ళు గల మనిషికి ఈ నాలుగు పద్యాల్లో పేరు పెట్టలేదు. మా ఇంట్లో ఈ పద్యాలు చదివి అర్థం చెబితే, మా ఆవిడ అంతా శ్రద్ధగా విని ఒక్క ప్రశ్న వేసింది: "అర్ధరాత్రి వచ్చినవాళ్ళకు కూడా పెట్టాక, ఆవిడ ఎప్పుడు తిన్నదట?"

వ్యాఖ్యానం తిరగేశాను. వేదంవారు ప్రతిపదార్థం చెప్పారు, సమాసాలు విడదీశారు, అలంకారం చెప్పారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు కనబడలేదు. పెద్దన ప్రవరుడి ఇల్లాలి దగ్గర కూడా వెతికాను. అక్కడా లేదు.